అవ్వ కోడలు మరిగిన వేసవి

మే 6, 1956

నిన్న సాయంత్రం పెళ్ళికొడుకు ఆవిరిలో మాయమైపోయాడు.

నవ్వకూడదు. నాయన ముఖం గుర్తొస్తే నవ్వు రాదు కూడా. కాని ఇంట్లో చదవడం వచ్చినదాన్ని నేనొక్కదాన్నే, ఈ పుస్తకం ఎవరూ విప్పరు. అందుకని ఒకసారి నవ్వేసి మొదలుపెడతాను.

తిరువల్లిక్కేణిలో జానవాసం, పెళ్ళి ముందురోజు పెళ్ళికొడుకును తిప్పే ఊరేగింపు. పెళ్ళికొడుకు కోటు వేసుకుని, మెడలో దండతో, కప్పు మడిచిన మా పాత కారు వెనకసీటులో ఎత్తు మీద కూర్చున్నాడు. ముందు నాదస్వరం, పక్కన గ్యాసు లైట్లు మోసేవాళ్ళు, వెనక ఆడవాళ్ళు. ఆ నడకలో కారు మనిషికంటే మెల్లగా పోవాలి. వీధి మలుపులో రేడియేటర్ బుస్సుమంది. తెల్లటి ఆవిరి లేచి కారునూ పెళ్ళికొడుకునూ కలిపి మింగింది. ఆవిరి తగ్గాక చూస్తే సీటు ఖాళీ. ఆయన ఎప్పుడు దూకాడో ఏమో, ఎదురింటి అరుగు మీద నిలబడి దండ సర్దుకుంటున్నాడట.

నాయన ఇదంతా చావు కబురు చెప్పినట్టు చెప్పాడు. ఈ పెళ్ళిళ్ళ కాలంలో ఇట్లా కావడం ఇది రెండోసారి.

"కోడలికి ఎండదెబ్బ తగిలింది రా వరదా" అంది అవ్వ. అవ్వకు కారు కోడలు. అమ్మ పోయాక ఈ ఇంటికి వచ్చిన ఆడది అదొక్కటేనని ఆమె లెక్క. నాయన ఆ ఒక్క విషయంలో ఎప్పుడూ ఎదురు చెప్పడు.

మే 7

చూలై నుంచి కన్నియప్పన్ మామ వచ్చాడు. నాయనకు చిన్నప్పటి స్నేహితుడు, మెకానిక్కు. బానెట్ ఎత్తి, ఈలవేస్తూ చూసి, ఈల ఆపేశాడు.

"హెడ్డు పోయినట్టుండాది వరదా. లోపల పగిలుంటాది. ఇప్పితే మళ్ళా మూస్తానని మాత్రం నాకాడ మాట తీసుకోవద్దు."

నాయన బానెట్ మూసేశాడు. నాయన భయం ఏమిటో నాకు తెలుసు. డాక్టర్ పరంధామయ్యగారు కొత్త కారు కొన్నప్పుడు ఈ పాతది నాయనకు ఇచ్చేశారు. అంతకుముందు ఆ ఇంట్లో నాయన టోపీ పెట్టుకుని, తలుపు తీసి పట్టుకుని నిలబడే డ్రైవరు. ఇప్పుడు తన బండికి తానే దొర. అక్కడ మళ్ళీ డ్రైవరు లేడు. రమ్మని కబురు మీద కబురు వస్తోంది.

ఇంకొక్క జానవాసం ఒప్పుకుని ఉన్నాడు. ఇరవై ఏడో తేదీ, మా చింతాద్రిపేటలోనే, రంగనాథంగారి కొడుకు పెళ్ళి. అది కూడా చెడితే కారు చూలైలో పాత ఇనుము అంగడికి పోతుంది, నాయన టోపీకి పోతాడు. రాత్రి భోజనాల దగ్గర ఈ మాట తనే చెప్పాడు. చెప్పి మజ్జిగ అడిగాడు.

మే 8

నేను కారు జోలికి పోను. సెలవులు చదువుకోవడానికి.

మే 9

పోయాను.

చూడటానికే. కాలేజీలో మా లెక్చరరమ్మ గాజు గొట్టంలో నీళ్ళు పోసి, రంపపు పొట్టు వేసి, కింద దీపం పెట్టి చూపించింది. కాగిన నీళ్ళు పైకి పోతాయి, చల్లటివి కిందికి దిగుతాయి, పొట్టు గుండ్రంగా తిరుగుతూనే ఉంటుంది. క్లాసులో అందరం అది రాసుకుని పరీక్షలో అప్పజెప్పాం. మా ఇంటి ముందు చక్రాల మీద అదే నిలబడి ఉందని నాకు ఇవాళే తట్టింది.

మా కారుకు నీళ్ళు తోసే పంపు లేదు. ఇంజనులో కాగిన నీళ్ళు తమంతట తామే పై గొట్టంలోంచి రేడియేటర్లోకి ఎక్కుతాయి. అక్కడ సన్నటి ఇత్తడి గొట్టాల్లో దిగుతూ, ఫ్యాను గాలికి చల్లబడి, కిందినుంచి మళ్ళీ ఇంజనులోకి పోతాయి. అంతే. మరుగుతోందంటే నీళ్ళు తగ్గి ఉండాలి, లేకపోతే గాలి చాలక ఉండాలి, అదీ కాకపోతే దారి ఎక్కడో మూసుకుపోయి ఉండాలి. లేదా మామ చెప్పినట్టు హెడ్డు, అంటే ఇంజను మీది మూత, పగిలి ఉండాలి. పెద్దాయన మాట గనక ముందు అదే చూడాలి.

నీళ్ళు మాత్రం నిండుగా ఉన్నాయి.

మే 10

పొద్దున ఇంజను చల్లగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత తీసి, నాయనను హ్యాండిల్ తిప్పమన్నాను. ఎందుకని అడిగాడు. హెడ్డు పగిలితే లోపలి పొగ నీళ్ళలోకి దూరి బుడగలు రావాలని చెప్పాను. ఇంజను లేచింది. నేను ఆ నోట్లోకి తల పెట్టినంత పని చేసి చూశాను. ఒక్క బుడగ లేదు. నూనె చూసే కమ్మీ లాగి చూశాను. నూనెలో నీళ్ళు కలిస్తే మజ్జిగలా తెల్లబడాలి. నల్లగా శుభ్రంగా ఉంది.

హెడ్డు బాగానే ఉంది నాయనా అన్నాను. కన్నియప్పన్ ఎన్ని బండ్లు చూసినాడో నీకు తెలుసునా అన్నాడు.

సాయంత్రం నేను లోపల ఉన్నాననుకుని ఆ కమ్మీ తనే లాగి, వేలితో రాసి, వెలుగులో పెట్టి చూసుకున్నాడు.

మే 11, శుక్రవారం

కనిపెట్టేశాను!

ఫ్యాను బెల్టు. బొటనవేలితో నొక్కితే చీర అంచులా లోపలికి పోయింది. అంత వదులైతే ఫ్యాను ఎట్లా తిరుగుతుంది? నాయన బిగించాడు. అవ్వ శుక్రవారం పూజ అయ్యేదాకా ఆగమంది. బానెట్‌కు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నన్ను లోపల్నుంచి కర్పూరం తెమ్మని పంపి, నిదానంగా ముగించింది. తర్వాత నాయనా నేనూ సముద్రం గట్టుదాకా పోయి వచ్చాం. గాలి, ఎండ, నీలం నీళ్ళు. ఒక్క బొట్టు మరగలేదు. వచ్చేటప్పుడు నాయన పాడాడు. నాయనకు పాట రాదు.

మే 12

ఏనుగుగేటు దగ్గర ఎద్దుబండ్ల వెనక ఇరుక్కుంది. మరిగింది.

మే 13

రాయడానికి ఏమీ లేదు.

మే 15

ఉంది. అరచెయ్యి కాలింది కాబట్టి ఎడమ చేత్తో రాస్తున్నాను, అక్షరాలు కోడిగీతల్లా వస్తున్నాయి.

గట్టు మీద మరగనిది బండ్ల వెనక ఎందుకు మరిగింది? పరుగులో ఎదురుగాలి తోడైంది. బండి నిలబడితే ఆ సాయం లేదు. అంటే కోడలు తన సొంత బలంతో చల్లబడలేకపోతోంది. నీళ్ళు ఉన్నాయి, బెల్టు బిగించాం. మిగిలింది దారి.

బండిని ఇంటి ముందే నిలబెట్టి ఇంజను నడపమన్నాను. ముక్కు దగ్గర ఉడుకు మొదలవుతుండగా ఆపించి, రేడియేటర్ ముఖమంతా అరచేత్తో తడిమాను. జ్వరం వచ్చిన పిల్లను తడిమినట్టు. పైన నిప్పు. అక్కడే కాలింది. రెండు పక్కలా వేడి. కాని నడుమ, కిందికి వచ్చేసరికి, చేట వెడల్పున చల్లగా ఉంది. పైన నీళ్ళు కుతకుత ఉడుకుతుంటే అక్కడ కుండ అడుగులా చల్లన. నీళ్ళు అక్కడికి దిగడం లేదు.

నాయన చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాను. చాలాసేపు తియ్యలేదు.

"ఇదేందమ్మే, చలువరాయి మాదిరుండాది" అన్నాడు.

అవ్వ వెన్న తెచ్చి నా అరచేతికి రాసి, కోడలిని కూడా ఒకసారి కోప్పడింది.

మే 16

అడుగున ఉన్న కుళాయి తిప్పితే నీళ్ళు ధారగా రావాలి. ముక్కుతూ మూలుగుతూ చుక్కలు చుక్కలుగా వచ్చాయి. వచ్చినవి పచ్చగా ఉన్నాయి. ఇత్తడి చిలుమేమో అనుకున్నాను. తీగ పెట్టి కెలికాను. ముద్ద బయటికి వచ్చింది. వాసన చూశాను.

పసుపు. మా వంటింటి డబ్బాలో ఉన్న పసుపే.

నాయనను అడిగాను. కొంచెం సిగ్గుపడి ఒప్పుకున్నాడు. పోయిన ఏడాది రేడియేటర్‌కు సూదిమొన అంత కన్నం పడి కారితే గుప్పెడు పసుపు వేశాడట. డ్రైవర్లందరూ చేసే పనే. పసుపు ఉబ్బి కన్నం దగ్గర చేరి కారడం ఆపేస్తుంది. ఒక్కసారే వేశానన్నాడు. అప్పుడు అవ్వ పక్కనే నిలబడి ఆశ్చర్యంగా చూసిందట.

ఒక్క గుప్పెడు ఇంత ముద్ద కాదు. నాకు కర్పూరం గుర్తొచ్చింది. ప్రతి శుక్రవారం నన్నెందుకు లోపలికి పంపుతుందో కూడా.

వంటింట్లో అవ్వ పక్కన కూర్చుని మెల్లగా అడిగాను. దాచలేదు. దాచవలసిన పని అని ఆమె అనుకోనే లేదు. నేను ఉంటే నీళ్ళు, వేడి అని పాఠం చెబుతానని పంపేసేదట.

"గాయానికి పసుపు పెడతాము గదా. నీ నాయన పెట్టినాడు, కోడలికి మానింది. ఆడబిడ్డ, మెరుగ్గా ఉండనీ అని వారానికొక గుప్పెడు నోట్లో ఏసినా. ఏం, ఎక్కువైందా?"

ఎక్కువైంది అవ్వా అన్నాను. గొట్టాలన్నీ మూసుకుపోయాయని చెప్పాను. అవ్వ చేతిలో గరిటె కింద పెట్టింది. ఆమె ముఖం అట్లా అయిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"అంటే వరదాని బండి నిలిపింది నేనా?"

నేను గరిటె తీసి మళ్ళీ ఆమె చేతిలో పెట్టాను. అంతలో గడపలోంచి ఒక శబ్దం వచ్చింది. నాయన. ఎప్పుడు వచ్చాడో. ఏడుస్తున్నాడనుకున్నాను. గోడకు ఆనుకుని, పొట్ట పట్టుకుని, జారి కింద కూర్చున్నాడు. నవ్వు.

"అత్తలు కిరసనాయిలు పోసి చంపుతారని విన్నా. నువ్వు పసుపుతో చంపినావు గదా అమ్మా."

అవ్వ నాయన మీద గరిటె ఎత్తింది. దించేలోపల తనూ నవ్వేసింది. నేను నవ్వుతూ ఏడ్చాను. ఎందుకో తెలియదు. పదిరోజులుగా ఈ ఇంట్లో ఎవరం నవ్వలేదు, అందుకే అయివుంటుంది.

మే 17

మూసుకున్నది తెలిసింది సరే, తెరవడం ఎట్లా? అంత సన్నటి గొట్టాల్లోకి తీగ పోదు. నేను పుస్తకాలన్నీ తిరగేశాను. మరిగే నీళ్ళ గురించి అన్నీ ఉన్నాయి, పసుపు గురించి ఎవరూ రాయలేదు.

"అది దేంతో చేసినారు?" అంది అవ్వ.

ఇత్తడి అన్నాను.

"ఇత్తడికి చింతపండు ఉండాది, జిడ్డుకు సోడా ఉండాది. దీనికి పుస్తకమెందుకు?"

మే 18, శుక్రవారం

ఈ శుక్రవారం పూజ పెరట్లో జరిగింది. నాయన రేడియేటర్ విప్పి తెచ్చాడు. పెళ్ళి అండాలో నీళ్ళు కాచాం. ముందు చాకలి సోడా కలిపి పోసి, నోళ్ళు కట్టి, ముగ్గురం వంతులవారీగా ఊపాం. పసిబిడ్డకు ఉగ్గు పట్టినట్టుంది అంది అవ్వ. తర్వాత దాన్ని తలకిందులు చేసి, కార్పొరేషన్ కుళాయికి రబ్బరు గొట్టం తగిలించి, అడుగు గొట్టంలోంచి నీళ్ళు వదిలాం. నీళ్ళు రోజూ దిగే దారికి ఎదురు పంపితే అడ్డం పడినవి వెనక్కి వస్తాయని నా ఆలోచన. మొదట ఏమీ రాలేదు. నాయన నన్ను చూశాడు. నేను కుళాయిని చూశాను. అప్పుడు గళుక్కుమని ఒక పెద్ద ముద్ద ఊడి పడింది, వెంట పసుపుపచ్చటి వరద. పెరడంతా పెళ్ళిపందిరి అయిపోయింది. నాయన పంచె, నా లంగా, అవ్వ తెల్లకొంగు, అన్నీ పచ్చన.

ఆ తర్వాత చింతపండు పులుసు పోసి నానబెట్టాం. ఉప్పునీళ్ళ గార కూడా పెచ్చులుగా వచ్చింది. నీళ్ళు తేటపడేదాకా కడిగాం. వెలుగుకు ఎత్తి పట్టి చూస్తే పైనుంచి కిందిదాకా గొట్టాలన్నీ సన్నటి చుక్కల్లా మెరిశాయి.

ఇంత సంతోషంగా ఉండటానికి ఇదేమీ పండుగ కాదు.

మే 19

పసుపు పోయింది కాబట్టి పాత కన్నం మళ్ళీ కారుతోంది. న్యాయమే.

నాయన రేడియేటర్‌ను తలమీద పెట్టుకుని చూలైకి పోయాడు, వెంట నేను. కన్నియప్పన్ మామ కన్నాన్ని గీకి, సీసంతో అతికాడు. అంత సన్నటి పని నా వల్ల కాదు. హెడ్డు అన్నానే అని తనే తల గోక్కున్నాడు. నా కాలిన అరచేతిని చూసి, ఈసారి నీటిచుక్క చిలకరించి చూడమ్మే, చెయ్యి పెట్టొద్దు అని నేర్పించాడు.

మే 21

ఎండలో, మధ్యాహ్నం, బండిని ఇంటి ముందు నిలబెట్టి ఇంజను నడిపించాం. నేను అన్నం తిని వచ్చాను. నాయన తిని వచ్చాడు. అవ్వ కునుకు తీసి లేచింది. మరగలేదు.

మే 22

రంగనాథంగారి భార్య లలితాంబగారు కబురు చేశారు. తిరువల్లిక్కేణి సంగతి విన్నారట, వేరే కారు చూసుకోమంటారా అని. నాయన చొక్కా మార్చుకుని పోయి మాట ఇచ్చి వచ్చాడు. కన్నియప్పన్ రిపేరు చేసినాడు, భయం లేదు అని చెప్పాడట.

వీధి చివర టీ అంగట్లోనూ అదే చెప్పాడు. కన్నియప్పన్ చేసినాడు. ఆడపిల్ల చేసిందంటే ఎవరు బండి పిలుస్తారు? నిజమే కదా. మామ అతికింది కూడా నిజమే.

నాకేమీ అనిపించలేదు.

మే 24

ఇవాళ ఇంకొకరికి చెప్పాడు. నాకేమీ అనిపించలేదు. ఒక పేజీ రాసి చించేశాను, చేతిరాత బాగాలేక.

మే 28

నిన్నటిది ఇవాళ పొద్దున తీరిగ్గా రాస్తున్నాను.

అవ్వా నేనూ ఊరేగింపులో ఆడవాళ్ళతో నడవడానికి పోయాం. అవ్వకు భయం, నాకు ఆసక్తి అని చెప్పుకున్నాం. రంగనాథంగారి ఇంటి ముందు కారును చూడగానే ఆగిపోయాను. పూలవాడు రేడియేటర్ ముఖం మొత్తానికి మల్లెపూల తెర అల్లేశాడు. తడి పూలు, బొటనవేలంత మందం. గాలి దూరే సందు లేదు. పోయిన రెండుసార్లూ ఇట్లాగే కట్టి ఉంటారు. పసుపు లోపలినుంచి, మల్లెలు బయటినుంచి.

నాయనతో గుసగుసగా చెప్పాను. నాయన పూలవాడికి చెప్పాడు. పూలవాడు లలితాంబగారిని చూపించాడు. ఆమె పట్టుచీరలో గుమ్మంలో నిలబడి ఉన్నారు.

"ముఖం బోసిగా పెట్టుకుని పెళ్ళికొడుకు కారు బయలుదేరుతుందా వరదయ్యా?" అన్నారు.

నాయన తల వంచుకున్నాడు. డాక్టరుగారి ఇంట్లో ఇట్లాగే వంచేవాడు. నాకు ఆ మెడ చూడబుద్ధి కాలేదు. గాలి, గొట్టాలు అని పాఠం మొదలుపెడితే ఆమె వినరు. అవ్వను చూసి ఒకటి నేర్చుకున్నాను, ఎదుటివాళ్ళకు దేనిమీద ప్రేమో దానితో మాట్లాడాలి.

"అమ్మగారూ, అది కారుకు పొయ్యిలాంటి చోటు. రెండు వీధులు దాటేలోపల మల్లెలు ఉడికి నల్లబడతాయి. పెళ్ళికొడుకు ముందు వాడిన పూలు ఉండటం మంచిదేనా?" అన్నాను.

ఆమె నన్ను కిందినుంచి పైదాకా చూశారు. తర్వాత పూలవాణ్ణి పిలిచి, ఇంతమాత్రం తెలియదా అని వాడినే కేకలేశారు. తెర విప్పి దీపాలకూ తలుపులకూ కట్టారు. ఇంకా అందంగా ఉంది, నిజానికి.

బయలుదేరాం. పెళ్ళికొడుకు భాష్యం సన్నగా, కళ్ళద్దాలతో, దూకడానికి సిద్ధంగా సీటు అంచున కూర్చున్నాడు. తిరువల్లిక్కేణి కథ ఆయనా విన్నట్టుంది. మొదటి వీధి అయింది. రెండోది అయింది. గుడి మలుపులో నాదస్వరం విద్వాంసుడు ఆగాడు. అక్కడ ఆగి వాయించడం ఆనవాయితీ. డోలు ఆయన చేతులు దులుపుకుని మొదలుపెట్టాడు. జనం చుట్టూ మూగారు. అరుగుల మీదికి ముసలివాళ్ళు వచ్చి కూర్చున్నారు. రాగం మెలికలు తిరుగుతూ పైకి పోతోంది, దిగే ఆలోచనలో లేదు. రంగనాథంగారు ఇంకా కానివ్వమని సైగ చేశారు.

కారు నిలబడే ఉంది. ఇంజను ఆపితే మళ్ళీ హ్యాండిల్ వేసి తిప్పాలి. పెళ్ళికొడుకు కారు ఊరేగింపు నడుమ ఆగిపోవడం అపశకునం, ఆపడానికి లేదు. ముందు జనం, వెనక జనం, ఆకు కూడా కదలని మే నెల. ఆడవాళ్ళ మధ్య నుంచి నాకు నాయన మెడ ఒక్కటే కనిపిస్తోంది, చెమటతో మెరుస్తూ. అవ్వ నా చెయ్యి పిసికేస్తోంది.

నాయన వెనక్కి తిరిగాడు. అందరి తలల మీదుగా వెతికి నన్ను పట్టుకున్నాడు.

"పుష్పా, ఈడికి రా. చూడు."

నేను పోయాను. జనం పక్కకు జరిగారు. నాదస్వరం ఆగలేదు కాని, డోలు ఆయన వాయిస్తూనే నన్ను చూస్తున్నాడు. నాయన సీటు పక్కన పెట్టుకున్న చెంబులో నీళ్ళు వేళ్ళతో తీసి రేడియేటర్ మీద చిలకరించాను. పైన చుయ్యిమని ఆరిపోయింది. నడుమ, కింద, రెండు పక్కలా, ఎక్కడ చిలకరించినా బొట్టు కాసేపు నిలిచి, అన్నిచోట్లా ఒక్కలాగే నిదానంగా ఆరింది. చలువరాయి లేదు. గాజు గొట్టంలో పొట్టు గిరగిరా తిరుగుతోందన్నమాట.

"ఏమంటాది?" అన్నాడు నాయన.

"బాగుండాది నాయనా. ఇంకో రాగం వాయించుకోమను."

లైటు మోసే ముసలాయన ఈ అమ్మాయి ఎవరని అడిగాడు.

"నా బిడ్డ. ఈ బండిని చూసేది ఆమే" అన్నాడు నాయన. అందరికీ వినపడేటట్టే అన్నాడు. లలితాంబగారు కూడా విన్నారు.

నాకు ఏమేమో అనిపించింది. రాయను.

విద్వాంసుడు ఇంకో రాగం నిజంగానే వాయించాడు. భాష్యంగారు ఎప్పుడో సీటులో వెనక్కి వాలి, కళ్ళు మూసుకుని తాళం వేస్తున్నారు. ఊరేగింపు ముగిసి ఆయన దిగేటప్పుడు కారు తలుపును ఒకసారి తట్టారు. రంగనాథంగారి తమ్ముడు ఆషాఢం పోయాక తన ఇంటి పెళ్ళికి ఇదే కారు కావాలన్నాడు. నాయన సరేనన్నాడు. పరంధామయ్యగారికి రాలేనని రేపే పోయి మర్యాదగా చెప్పి వస్తానని నాతో అన్నాడు.

ఇంటికి నడిచి పోదామని మేం బయలుదేరితే నాయన కారు అడ్డం పెట్టాడు. వెనక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు, అవ్వ కోసం. అవ్వ ఆ సీటులో ఎన్నడూ కూర్చోలేదు. బాడిగకిచ్చే సీటు, మనం కూర్చుంటే నలిగిపోతుంది అనేది. నిన్న ఎక్కింది. పెళ్ళికొడుకు కూర్చున్న ఎత్తు మీదే, కాళ్ళు రెండూ పైకి పెట్టుకుని. పక్కన నేను. పూలన్నీ అట్లాగే ఉన్నాయి.

మా వీధిలోకి తిరగ్గానే అరుగుల మీద వాళ్ళందరూ లేచి నిలబడ్డారు. పెండ్లికొడుకు ఏడ అని ఎవరో అరిచారు. అవ్వ జవాబు చెప్పలేదు. కొంగు సర్దుకుని, రెండు చేతులూ జోడించి, కుడివైపుకు ఒకసారి, ఎడమవైపుకు ఒకసారి, పెద్దమనిషిలా నమస్కారాలు పెడుతూ కూర్చుంది.

గాలి తగలాలి, కాస్త వేగంగా పోనియ్యి నాయనా అన్నాను. నాయన వినలేదు. బండిని ఇంకా మెల్లగా పోనిచ్చాడు.